సరేబాబు పోగొట్టుకున్న ఏడాది

నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువుని అయిదేళ్ళు చదివినవాళ్ళు లోకంలో కోకొల్లలు. తప్పి చదివినవాళ్ళున్నారు, ప్రేమలో పడి చదివినవాళ్ళున్నారు, కాలు విరిగి చదివినవాళ్ళున్నారు. మన సరేబాబు మాత్రం క్లాసు మధ్యలో లేచి నిలబడడానికి మొహమాటపడి అయిదేళ్ళు చదివాడు. ఇలాంటివాడు ఇంకొకడుంటే చూపించండి, ఈ కథ ఇక్కడే ఆపేస్తాను.

సరేబాబు అసలు పేరు కాదు. ఎవరేం చెప్పినా "సరే" అంటాడని నాయనమ్మ పెట్టిన పేరు. చల్లారిన కాఫీ ఇచ్చినా సరే, పక్కింటివాళ్ళ కుక్కని నెలరోజులు చూడమన్నా సరే. ఈ జబ్బు తండ్రివైపు నుంచి వచ్చింది. వాళ్ళ తాత ఒకరోజు టైమెంతయిందో అడుగుదామని సెలూన్‌లోకి వెళ్తే, ఆ కుర్చీ ఖాళీగా ఉందని చూపించి, మెడ చుట్టూ గుడ్డ కట్టేశారట. గుడ్డ కట్టాక కాదనడం ఏం బాగుంటుందని ఆయన గుండుతో ఇంటికొచ్చాడు. ఇంతకీ టైమెంతయిందండీ అని నాయనమ్మ అడిగితే, కనుక్కోలేదన్నాడట.

తండ్రి బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగి. కాగితం చేతిలో ఉంటే పులి. వాన రాని రోజు వరదొచ్చిందని రాసినవాళ్ళనీ, అమ్మేసిన బండి పోయిందని రాసినవాళ్ళనీ ముప్పయ్యేళ్ళుగా ఏరి పారేస్తున్నాడు. కాగితం పక్కన పెడితే మాత్రం ఆయనా ఆ తండ్రి కొడుకే. ఒకసారి పార్కులో ఎవరో కుటుంబం ఫొటో దిగుతుంటే, "మీరు కాస్త ఎడమకి జరగండి సార్" అన్నాడు ఫొటోగ్రాఫరు. ఈయన జరిగాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఎవరింట్లోనో గోడ మీద ఉంది, అందులో వెనక వరసలో ఈయన నవ్వుతున్నాడు.

తల్లికి ఈ గాలి సోకలేదు. ఆవిడ స్కూల్లో హెడ్మిస్ట్రెస్. ఆ ఇంట్లో ఎవరైనా ఎవరికైనా "కాదు" అని చెప్పాల్సి వస్తే ఆవిడనే పిలిచేవాళ్ళు.

ఇక అసలు సంగతి. సరేబాబు చేరింది మెకానికల్ బ్రాంచిలో. మొదటేడాది అన్ని బ్రాంచిలకీ కలిపి పాఠాలు చెప్పారు కాబట్టి ఏ చిక్కూ రాలేదు. రెండో ఏడాది మొదటిరోజు 204వ నంబరు గదికి వెళ్ళమన్నారు. ఆ కాలేజీలో పాత బిల్డింగులో ఒక 204, కొత్త బిల్డింగులో ఒక 204 ఉన్నాయి. రెంటికీ ఒకే నంబరు వేసిన మహానుభావుణ్ణి నాకు అప్పగిస్తే రెండు మాటలు చెప్తాను. మెకానికల్ వాళ్ళది పాత బిల్డింగు. సరేబాబు వెళ్ళి కొత్త బిల్డింగులో కూర్చున్నాడు. అది సివిల్ వాళ్ళ క్లాసు.

పది నిమిషాల్లో వాడికి సంగతి అర్థమైంది. బోర్డు మీద గేర్లు, పిస్టన్లు రావాల్సిన చోట నేల కొలిచే లెక్కలు వచ్చాయి. లేచి వెళ్ళిపోవచ్చు. కానీ వాడు కూర్చుంది రెండో బెంచీ. లేస్తే అందరూ చూస్తారు, సార్ నొచ్చుకుంటారు. క్లాసు అయ్యాక వెళ్దాంలే అనుకున్నాడు. క్లాసు అయ్యేసరికి పక్కవాడు పేరడిగి, తన బాక్సులోంచి తిండి పెట్టాడు. తిండి పెట్టినవాణ్ణి వదిలి ఎలా వెళ్తాం? మర్నాడు చెప్పేసి వెళ్దామనుకుంటే, ఆ పక్కవాడు బెంచీ మీద రుమాలు వేసి వీడికి చోటు ఆపి ఉంచాడు.

హాజరు పిలిచినప్పుడు వీడి పేరు రాలేదు. సివిల్ సార్ కళ్ళజోడు పైకి తోసుకుని "నీ పేరు లిస్టులో లేదా? ఈ ఆఫీసువాళ్ళతో చచ్చే చావు" అని చివర్న పెన్సిలుతో రాసుకున్నాడు. మూడో వారంలో క్లాసు లీడరుగా ఎవరుంటారని అడిగితే ఒక్కడూ చెయ్యెత్తలేదు. సార్ వేలు తిప్పి తిప్పి వీడి దగ్గర ఆపాడు. వీడేమన్నాడో మీకు చెప్పక్కర్లేదు.

ప్రతి ఆదివారం సాయంత్రం సరేబాబు గట్టి నిర్ణయం తీసుకునేవాడు. సోమవారం పొద్దున్న అది నీరుగారిపోయేది. ఒక సోమవారం క్లాసు ఫ్యాను పాడైంది, లీడరు లేకపోతే ఎలా? ఇంకో సోమవారం ఇద్దరు పోట్లాడుకున్నారు, సర్దిచెప్పేవాడు ఉండొద్దా? అవతల పాత బిల్డింగులో రోజూ వీడి పేరు పిలుస్తున్నారు, రోజూ రాలేదని రాస్తున్నారు. అక్కడివాళ్ళు పాపం చదువు మానేశాడు కాబోలు అనుకున్నారు. ఇక్కడ కొత్త బిల్డింగులో వీడు మూడు కాళ్ళ స్టాండు భుజాన వేసుకుని, ఎండలో క్లాసంతటినీ వెంటబెట్టుకుని కాలేజీ ఆవరణ కొలిపిస్తున్నాడు.

నాలుగు నెలలకి పరీక్షలొచ్చాయి. అందరికీ హాల్ టిక్కెట్లు వచ్చాయి, లీడరుకి రాలేదు. సివిల్ విభాగం పెద్దసారుకి ఒళ్ళు మండింది. వీణ్ణి రెక్క పట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళి బల్ల గుద్ది మరీ అడిగాడు. గుమాస్తా రిజిస్టర్లన్నీ తిరగేసి, చివరికి తల గోక్కుంటూ చెప్పాడు, ఈ కుర్రాడు మెకానికల్ సార్ అని, అక్కడ హాజరు సున్నా అని.

"నువ్వు మావాడివి కాదా?" అన్నాడు పెద్దసారు.

"కాదు సార్."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు సార్."

హాజరు లేనివాణ్ణి డిటెయిన్ చేశారు. అంటే వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి అదే రెండో ఏడాది మళ్ళీ మొదటినుంచి చదవాలి. అప్పటిదాకా ఇంట్లో కూర్చోవాలి. ఇంతటితో ఆగినా బాగుండేది. మిగిలిన ఏడు నెలలూ వీడు రోజూ సివిల్ క్లాసుకి వెళ్ళొచ్చాడు. లీడరు పదవికి రాజీనామా ఇవ్వాలి కదా, అది ఎవరికి ఇవ్వాలో అడగడానికి మొహమాటం.

ఇంట్లో తెలిసినప్పుడు తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. తండ్రి కోప్పడదామని నోరు తెరిచి, ఏదో ఫొటో గుర్తొచ్చినవాడిలా మూసేసుకున్నాడు. నాయనమ్మ మాత్రం "అందుకే అన్నారు, మొహమాటానికి పోతే..." అని సామెత ఎత్తుకుంది.

"అత్తయ్యా!" అని తల్లి అరిచింది. సామెత అక్కడే ఆగిపోయింది. తక్కినది తెలిసినవాళ్ళు నవ్వుకోవచ్చు.

కాలం గడిచింది. సరేబాబు ఈసారి సరైన గదిలో కూర్చుని మెకానికల్ పూర్తి చేశాడు, మార్కులు కూడా బాగానే తెచ్చుకున్నాడు. చివరి ఏడాది కాలేజీకి కంపెనీలు వచ్చాయి. మొదటి కంపెనీ ఆ ఏడాది గ్యాపు ఏంటని అడిగితే వీడు నీళ్ళు నమిలాడు. రెండో కంపెనీ అడిగితే మళ్ళీ నమిలాడు. రెండు కంపెనీలూ వెళ్ళి రమ్మన్నాయి. ఇక మిగిలింది బాయిలర్లు తయారుచేసే కంపెనీ ఒక్కటే. సరేబాబుకి బాయిలర్లంటే ప్రాణం. అంత పెద్ద ఇనుప పొట్టలో ఆవిరి ఎంత ఒత్తిడి మీద ఉందో మీటరులో ఒక చిన్న ముల్లు చెప్తుందంటే వాడికి ఎప్పటికీ ఆశ్చర్యమే. ఈ ఉద్యోగం పోతే వాడి మనసు విరిగిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకని ఇంటర్వ్యూకి వారం ముందు భోజనాల బల్ల దగ్గర సభ తీరింది.

"తప్పు గదిలో కూర్చున్నానని చెప్తే ఉద్యోగం ఎవరిస్తారు? ఏదో ఒక కారణం చెప్పాలి" అంది తల్లి. "కడుపునొప్పి వద్దు. నా సర్వీసులో కడుపునొప్పి చీటీలు నాలుగు బస్తాలు చూశాను. జ్వరం కూడా పాతబడిపోయింది. నాయనమ్మ పోయిందనడం అసలే వద్దు, మా స్కూల్లో ఒకడికి ఒకే ఏడాదిలో నాయనమ్మ నాలుగుసార్లు పోయింది."

"నేను పోవడం ఎందుకే, మంచాన పడితే చాలదూ?" అంది నాయనమ్మ. "మనవడు చదువు మానుకుని సంవత్సరం పాటు నాకు సేవ చేశాడని చెప్పండి. వినేవాళ్ళ కళ్ళు చెమర్చాలి."

అందరూ ఆవిడ వంక చూశారు. పిడిరాయిలా ఉంది మనిషి. అప్పుడే రెండోసారి వడ్డించుకుంటోంది. అయినా అంతకంటే మంచి కారణం ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు నుంచి తండ్రి రంగంలోకి దిగాడు. ముప్పయ్యేళ్ళు ఇతరుల అబద్ధాలు పట్టుకున్నవాడికి సొంతంగా ఒకటి తయారుచేసే అవకాశం రావడం ఇదే మొదలు. రోజూ ఆఫీసు నుంచి రాగానే కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టేవాడు.

"మీ నాయనమ్మ జారిపడింది ఏ పక్కకి?"

"ఎడమ పక్కకి నాన్నా."

"నేల తడిగా ఉందా?"

"ఉంది."

"ఎందుకుంది? ఎవరు తడిపారు? ఇది నిర్లక్ష్యం కిందకి వస్తుంది. నేల తడిగా లేదని చెప్పు."

"సరే."

నాయనమ్మకి పాత్ర బాగా నచ్చింది. తుంటి ఎముక ఒక్కటే విరిగిందంటే చిన్నతనంగా ఉందనీ, ఇంకొక ఎముక కలపమనీ బతిమాలింది. రెండో రోజుకే ఇంట్లో కుంటడం మొదలుపెట్టింది. మూడో రోజు కుడికాలు కుంటుతోందని కోడలు పట్టుకుంటే, రెండూ అలవాటు చేసుకుంటున్నానంది.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. బల్లకి అవతల ఇద్దరున్నారు. ఒకరు సిబ్బంది వ్యవహారాలు చూసే మేడమ్. రెండో ఆయన తనిఖీ విభాగం పెద్ద, తల ముగ్గుబుట్టలా నెరిసిన మనిషి. బాయిలర్ ఫ్యాక్టరీ గడప దాటాలంటే ఆయన సరేననాలి. పాఠాల్లో అడిగినవాటికి సరేబాబు తడుముకోకుండా చెప్పాడు. పెద్దాయన తల ఊపాడు. అప్పుడు మేడమ్ కాగితం మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఒక సంవత్సరం గ్యాపు కనిపిస్తోందేం?"

"మా నాయనమ్మ జారిపడ్డారు మేడమ్. ఎడమ తుంటి. నేల తడిగా లేదు మేడమ్. సంవత్సరం మంచంలోనే ఉన్నారు. నేనే చూసుకున్నాను."

మేడమ్ అయ్యో అంది. పెద్దాయన మాత్రం చేతిలో పెన్సిలు కింద పెట్టేశాడు.

"మా అమ్మ ఎనిమిది నెలలుగా మంచంలో ఉందయ్యా" అన్నాడు. "అన్నం తినదు. నర్సు పెట్టినా, మా ఆవిడ పెట్టినా, నేను పెట్టినా నోరు బిగించేస్తుంది. రోజురోజుకీ చిక్కిపోతోంది. మీ నాయనమ్మగారికి ఎలా పెట్టేవాడివి?"

తండ్రి తయారుచేసిన నలభై ప్రశ్నల్లో ఇది లేదు. సరేబాబు నాయనమ్మకి ఎవరూ అన్నం పెట్టక్కర్లేదు, ఆవిడకి పెట్టకుండా ఆపడమే ఆ ఇంట్లో కష్టం. తెలీదని చెప్పొచ్చు. కానీ పెద్దమనిషి అంత ఆశగా అడిగితే తెలీదని ఎలా అంటాం? చిన్నప్పుడు అమ్మ తనకి మందు పట్టిన పద్ధతి గుర్తొచ్చి, నోటికొచ్చింది చెప్పేశాడు.

"ముక్కు మూసేవాణ్ణి సార్. ముక్కు మూస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది."

పెద్దాయన జేబులోంచి చిన్న నోట్‌బుక్కు తీశాడు. "ముక్కు... మూయాలి" అని పైకి అనుకుంటూ రాసుకున్నాడు. "ఎంతసేపు మూయాలి?"

"కొంచెంసేపు సార్."

"కొంచెమంటే? ఇరవై లెక్కపెట్టేదాకానా?"

నాలుక చివరిదాకా వచ్చింది సరే అనే మాట. అప్పుడు సరేబాబుకి ఎముకలగూడులా ఉన్న ఒక ముసలమ్మ కళ్ళముందు కనిపించింది. ఎప్పుడూ చూడని ఆ ముసలమ్మ ముక్కుని, ఈ నెరిసిన తల మనిషి, కన్నకొడుకు, తను చెప్పాడని మూసి పట్టుకుని ఇరవై లెక్కపెడుతున్నాడు. ఉద్యోగం పోతుందని తెలుసు. బాయిలర్లు పోతాయని తెలుసు. అయినా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరూ లెమ్మనకుండా వాడు లేచి నిలబడ్డాడు.

"రాసుకోకండి సార్. అబద్ధం. మా నాయనమ్మ ఎప్పుడూ పడలేదు. దయచేసి మీ అమ్మగారి ముక్కు మూయకండి."

ఆ తర్వాత అంతా చెప్పేశాడు. రెండు 204లూ, రుమాలూ, పెన్సిలుతో రాసిన పేరూ, రాజీనామా ఇవ్వలేక వెళ్ళిన ఏడు నెలలూ, అన్నీ. మేడమ్ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది, ఫైలు వెనక భుజాలు ఎగురుతున్నాయి. పెద్దాయన నవ్వలేదు.

"తప్పు గది అని ఎంతసేపట్లో తెలిసింది?"

"పది నిమిషాల్లో సార్."

"చెప్పడానికి ఎంతసేపు పట్టింది?"

"నాలుగు నెలలు సార్. అదీ నేను చెప్పలేదు, వాళ్ళే కనుక్కున్నారు."

"బాయిలర్ దగ్గర ముల్లు తప్పు చూపిస్తుంటే చెప్పడానికి నాలుగు నెలలు ఉండవయ్యా. నాలుగు నిమిషాలు కూడా ఉండవు."

"తెలుసు సార్."

పెద్దాయన నోట్‌బుక్కులో ఆ కాగితం చింపి చెత్తబుట్టలో వేశాడు. ఫలితం తర్వాత తెలియజేస్తామంది మేడమ్. వాడు తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. "అయితే ఎలా తినిపించాలో నీకూ తెలీదన్నమాట."

"తెలీదు సార్" అన్నాడు సరేబాబు. ఆ మాట అనడం అన్నిటికంటే కష్టమైంది.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ కాలికి తెల్లటి కట్టు కట్టుకుని, నెత్తి దాకా దుప్పటి కప్పుకుని మంచం మీద ఉంది. కంపెనీవాళ్ళు విచారణకి మనిషిని పంపినా పంపుతారని తండ్రి ముందుచూపు. ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి కిటికీ దగ్గర కాపలా కాస్తున్నాడు. సరేబాబు బూట్లు విప్పకుండానే జరిగిందంతా చెప్పాడు.

"నీ చేతులారా చెడగొట్టుకున్నావా?" అని తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. తల్లి మాత్రం కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. స్కూల్లో అబద్ధం ఒప్పుకున్న పిల్లల్ని ఆవిడ ఎప్పుడూ కొట్టలేదు.

నాయనమ్మ దుప్పటి తీసింది. "ఇంతకీ ఆ పెద్దావిడ ఎనిమిది నెలల నుంచి తినట్లేదా?"

"తినట్లేదట నాయనమ్మా."

"నువ్వేం చెప్పావు?"

"తెలీదన్నాను."

"నీకు తెలీకపోతే నాకు తెలీదట్రా, వెధవా? మీ తాతని రెండేళ్ళు మంచంలో సాకింది ఎవరనుకున్నావు?"

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ రెండేళ్ళ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వారం రోజులు దొంగ మంచం, దొంగ తుంటి, దొంగ సేవ కల్పించుకుంటూ కూర్చున్నారు గానీ, నిజంగా చేసిన మనిషి ఎదురుగానే ఉందని ఒక్కరికీ గుర్తు రాలేదు.

"తినిపించడానికి వెళ్తే ఎవరు తింటార్రా?" అంది నాయనమ్మ కాలి కట్టు విప్పుకుంటూ. "చెంచా పట్టుకుని మీదికొచ్చే మనిషిని చూస్తే నాకైనా ఒళ్ళు మండుతుంది. మీ తాతకీ అంతే, మూడు వారాలు నోరు తెరవలేదు. ఒకరోజు నాకు విసుగొచ్చి, ఆయనకి పెట్టకుండా, నా కంచం తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన చూసి చూసి, నాకేదీ అన్నారు." కట్టు విప్పడం ఆపేసింది. "ఇంట్లో అందరూ తినేసి, ఆఖర్న తనకొక్కడికే పెడుతుంటే, మనిషికి బతకబుద్ధి కాదురా. ఫోన్ చేసి చెప్పు."

సరేబాబు ఫోను చేతిలోకి తీసుకుని నిలబడిపోయాడు. ఉదయం ముఖం మీదే అబద్ధం చెప్పి వచ్చినవాడు సాయంత్రం ఫోన్ చేస్తే, ఉద్యోగం కోసం కాకా పడుతున్నాడనుకోరూ? పని గంటలు కూడా అయిపోవస్తున్నాయి. రేపు చేద్దామా? తల్లి ఫోను తీసుకోబోయింది, ఇలాంటివి ఎప్పుడూ ఆవిడ చేసే పనే. వాడు ఇవ్వలేదు. కంపెనీ నంబరు నొక్కి, తనిఖీ విభాగానికి కలపమన్నాడు.

"సార్, నేను. పొద్దున్న... ముక్కు..."

"ఆఁ, ముక్కు అబ్బాయివా. ఏంటి?"

"ఉద్యోగం గురించి కాదు సార్. మా నాయనమ్మ చెప్పింది. ఇది నిజం. ఇది రాసుకోండి."

అవతల నోట్‌బుక్కు తెరిచిన చప్పుడైంది. వాడు చెప్పింది ఆయన మొత్తం విన్నాడు. మంచిదనలేదు, కాదనలేదు, ఫోను పెట్టేశాడు.

నాలుగు రోజులు గడిచాయి. ఉత్తరం రాలేదు. తండ్రి రోజూ పోస్టు డబ్బా తెరిచి మూస్తున్నాడు. అయిదో రోజు మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా ఫోను మోగింది. సరేబాబు తీశాడు.

"తిందయ్యా" అన్నాడు పెద్దాయన. "మూడు రోజులు పక్కన కూర్చుని తిన్నాను, చూస్తూ ఊరుకుంది. ఇవాళ నా కంచంలో చెయ్యి పెట్టింది. రెండు ముద్దలు. ఉప్పు తక్కువైందని మా ఆవిణ్ణి తిట్టింది కూడా. మీ నాయనమ్మగారికి చెప్పు." ఆ తర్వాత ఇంకో మాట ఏదో చెప్పాడు. సరేబాబు సరే సార్, సరే సార్ అని ఫోను పెట్టేశాడు.

వెనక్కి తిరిగేసరికి వాడి కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఏమైందిరా? ఎవరు? ఏమన్నారు?" అని తండ్రి లేచి నిలబడ్డాడు.

"తిందట నాయనమ్మా! రెండు ముద్దలు తిందట! ఉప్పు తక్కువైందని తిట్టిందట!"

నాయనమ్మ ముఖం విప్పారిపోయింది. తిట్టిందంటే ఇక భయం లేదంది.

"అది సరేరా, ఉద్యోగం మాటేంటి?" అన్నాడు తండ్రి.

"అదా?" అన్నాడు సరేబాబు కళ్ళు తుడుచుకుంటూ, నాయనమ్మ పక్కన కూర్చుని తన కంచం దగ్గరికి లాక్కుంటూ. "అదీ వచ్చింది నాన్నా."